ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి వారంలో కొత్త కుర్రాళ్లని ముందే కనిపెట్టడం ఎలా

2025లో భోగి జనవరి 13న వచ్చింది. ఇంట్లో వాళ్లంతా పిండివంటల హడావుడిలో ఉన్నారు, నేను మధ్యాహ్నం భోజనం కాగానే ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నాను. మెల్‌బోర్న్, రాడ్ లేవర్ అరీనా. అటుపక్క నోవాక్ జొకోవిచ్, అతని కోచ్‌గా మొదటిసారి ఆండీ మర్రీ. ఇటుపక్క నిషేష్ బసవరెడ్డి, 19 ఏళ్లు, పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే, అమ్మానాన్నలది మన నెల్లూరు. గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లో నాలుగు అతిపెద్ద టోర్నీలు) మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఆ అబ్బాయికి అదే మొట్టమొదటి మ్యాచ్. మొదటి సెట్ 6-4తో గెలిచేశాడు, అదీ జొకోవిచ్ మీద! మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటే మెసేజీలు, ఎవర్రా ఈ బసవరెడ్డి, ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడు అని.

ఎక్కణ్నుంచీ ఊడిపడలేదు. అంతకు ముందు వారమే ఆక్లండ్ టోర్నీలో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. అంతకు ముందు డిసెంబర్‌లో సౌదీలోని జెడ్డాలో ఆడాడు. దానికి ముందు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ టీమ్‌కి ఆడాడు. కొద్దిగా ముందు నుంచి గమనించి ఉంటే ఆ పేరు అప్పటికే తెలిసి ఉండేది. ఈ గైడ్ అందుకే రాస్తున్నాను. ఫైనల్ ఒక్కటే చూసేవాళ్లకి టెన్నిస్‌లో సగం రుచి కూడా అందదని నా గట్టి నమ్మకం. అసలు మజా మొదటి వారంలోనే ఉంటుంది, కాకపోతే ఏ కోర్టు చూడాలో, ఎవరి మీద కన్నేయాలో తెలియాలి.

మొదటి పని డిసెంబర్‌లోనే మొదలవుతుంది. మగవాళ్ల టెన్నిస్ టూర్ నడిపే ఏటీపీ వాళ్లు ఏడాది చివర్లో నెక్స్ట్ జెన్ ఫైనల్స్ అని 20 ఏళ్లలోపు కుర్రాళ్లలో ఆ ఏడాది ముందున్న ఎనిమిది మందితో ఒక టోర్నీ పెడతారు. నాలుగు గేములు గెలిస్తే సెట్ అయిపోతుంది, అందుకని చాలామంది దాన్ని సీరియస్‌గా తీసుకోరు. నేనూ మొదట్లో తీసుకోలేదు. కానీ 2024 డిసెంబర్ జెడ్డా జాబితా ఒకసారి చూడండి. జావో ఫోన్సెకా, లెర్నర్ టియెన్, యాకుబ్ మెన్షిక్, అలెక్స్ మికెల్సన్, ఆర్థర్ ఫిస్, షాంగ్ జున్‌చెంగ్, లుకా వాన్ అష్, మన బసవరెడ్డి. ఫైనల్లో టియెన్‌ని ఫోన్సెకా ఓడించాడు. సరే, నెల తిరక్కుండా మెల్‌బోర్న్‌లో ఏం జరిగిందో చూడండి. భోగి రోజు మికెల్సన్ 11వ సీడ్ (ర్యాంకు బట్టి టోర్నీలో పెద్ద ఆటగాళ్లకి ఇచ్చే వరస నంబరు) సిట్సిపాస్‌ని ఇంటికి పంపాడు. సంక్రాంతి రోజు ఫోన్సెకా 9వ సీడ్ రుబ్లేవ్‌ని ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా ఓడించాడు. రెండో రౌండ్‌లో మెన్షిక్ 6వ సీడ్ రూడ్‌ని ఓడించాడు. ముక్కనుమ రోజు మొదలైన మ్యాచ్‌లో టియెన్ 5వ సీడ్ మెద్వెదేవ్‌ని ఓడించాడు. ఎనిమిది మందిలో నలుగురు, టాప్ 12 సీడ్లలో నలుగురిని! ఆ జాబితా కాగితం మీద రాసి పెట్టుకున్నవాళ్లకి ఇందులో ఒక్కటీ వింత కాదు. కాబట్టి డిసెంబర్‌లో ఆ ఎనిమిది పేర్లు ఫోన్ నోట్స్‌లో రాసి పెట్టుకోండి. మ్యాచ్‌లు చూసే తీరిక లేకపోయినా పర్లేదు, పేర్లు ఉంటే చాలు.

తర్వాత చూడాల్సింది జనవరి మొదటి వారం. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో చిన్న టోర్నీలు జరుగుతుంటాయి, వాటిలో సెమీస్ దాకా వచ్చిన కొత్త పేరు ఏదైనా ఉందా అని చూడండి. ఇంకా కింద స్థాయిలో చాలెంజర్ టోర్నీలుంటాయి. రుబ్లేవ్‌ని ఓడించడానికి ముందు ఫోన్సెకా కాన్‌బెరా చాలెంజర్ గెలిచి వచ్చాడు, ఆ తర్వాత క్వాలిఫయింగ్‌లో (మెయిన్ డ్రాలోకి రావడానికి ఆడే అర్హత పోటీల్లో) మూడు మ్యాచ్‌లు గెలిచాడు. అంటే రుబ్లేవ్‌కి అది కొత్త సీజన్‌లో గ్రాండ్‌స్లామ్ మొదటి మ్యాచ్ అయితే, ఫోన్సెకా అప్పటికే బాగా వేడెక్కి ఉన్నాడు. కొత్త కుర్రాడు పెద్ద సీడ్‌ని ఓడించాడని పేపర్లో చదివినప్పుడల్లా వెనక్కి వెళ్లి ఆ రెండు వారాల్లో ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారో లెక్కేయండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

ఇక డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక. సింగిల్స్ మెయిన్ డ్రాలో 128 మంది ఉంటారు. ర్యాంకు బట్టి నేరుగా వచ్చేవాళ్లు 104 మంది, క్వాలిఫయింగ్ గెలిచి వచ్చేవాళ్లు 16 మంది, వైల్డ్ కార్డ్ మీద, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు పిలిస్తే వచ్చేవాళ్లు 8 మంది. మన కన్ను ఉండాల్సింది ఆ చివరి రెండు గుంపుల మీద. డ్రా కాగితంలో పేరు పక్కన ఆ గుర్తులుంటాయి. క్వాలిఫయర్ అంటే తక్కువవాడని అనుకోకండి, మూడు మ్యాచ్‌లు గెలిచి, ఆ కోర్టులకీ ఆ బంతులకీ ఆ ఎండకీ అలవాటుపడి వచ్చినవాడు. 2021 యూఎస్ ఓపెన్‌లో ఎమ్మా రదుకాను 150వ ర్యాంకుతో క్వాలిఫయింగ్‌లో మొదలుపెట్టి, వరసగా పది మ్యాచ్‌లు ఒక్క సెట్ పోకుండా గెలిచి ఏకంగా టైటిల్ ఎత్తుకెళ్లింది. అప్పుడామెకి 18 ఏళ్లు. క్వాలిఫయింగ్ నుంచి వచ్చి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవడం అంతకు ముందు ఎవరివల్లా కాలేదు. లక్కీ లూజర్ అనే గుర్తు కనిపించినా వదలకండి. క్వాలిఫయింగ్ ఆఖరి రౌండ్‌లో ఓడిపోయి, ఎవరో గాయంతోనో జ్వరంతోనో తప్పుకుంటే ఆ ఖాళీలో వచ్చినవాళ్లు వీళ్లు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఇవా లిస్ అనే జర్మన్ అమ్మాయి అలా ఆఖరి నిమిషంలో లోపలికొచ్చి నాలుగో రౌండ్ దాకా ఆడింది.

డ్రా చదవడంలో ఒక్క కిటుకు గుర్తుంచుకోండి, మిగతాదంతా దాన్నుంచే తెలిసిపోతుంది. 32 మంది సీడ్లని ఎలా సర్దుతారంటే మొదటి రెండు రౌండ్లలో సీడ్‌కి సీడ్ ఎదురుపడడం జరగదు. అంటే ఆ రెండు రౌండ్లలో ప్రతి సీడ్‌కీ ఎదురుగా ఉండేది సీడ్ లేని మనిషే. ఆ మనుషుల్లో మీ నోట్స్‌లో ఉన్న పేర్లు ఎక్కడున్నాయో వెతకండి. ఒకటో రెండో సీడ్‌కి తగిలితే పాపం దురదృష్టం అనుకోవాలి, కానీ 5 నుంచి 16 దాకా ఉన్న సీడ్లలో ఎవరికైనా తగిలితే ఆ మ్యాచ్ టైమ్‌కి వేరే పని పెట్టుకోకండి. పైన చెప్పిన నలుగురు సీడ్లూ ఆ వరసలోని వాళ్లే కదా. ఈ వరస వాళ్లు ఎప్పుడు సంచలనానికి దొరుకుతారో చెప్పే ఇంకో సూచన ఉంది, ముందు రౌండ్‌లో ఎంతసేపు కోర్టు మీద ఉన్నారన్నది. మెద్వెదేవ్ మొదటి రౌండ్‌లో థాయ్‌లాండ్ వైల్డ్ కార్డ్ కసిడిత్ సమ్రేజ్‌తో, 418వ ర్యాంకు ఆటగాడితో, ఐదు సెట్లు ఆడాల్సి వచ్చింది. కోపంతో నెట్ మీదున్న కెమెరాని రాకెట్‌తో పగలగొట్టాడు కూడా. ఆ మ్యాచ్ చూసినవాళ్లెవరైనా తర్వాతి ప్రత్యర్థి ఎవరా అని డ్రా తెరిచి చూసే ఉంటారు.

టైమ్ సంగతి. జనవరిలో మెల్‌బోర్న్ మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పొద్దున 11కి ఆట మొదలైతే మనకి తెల్లవారి 5:30. అక్కడ రాత్రి 7 గంటల సెషన్ మనకి మధ్యాహ్నం 1:30. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మనకి ఇంత సౌకర్యంగా ఉండేది ఇదొక్కటే, పైగా సంక్రాంతి సెలవుల్లో వస్తుంది. యూఎస్ ఓపెన్ నైట్ సెషన్ మనకి తెల్లవారుజామున 4:30కి మొదలవుతుంది, ఉద్యోగం చేసుకునేవాళ్లు రెండు వారాలపాటు అలా లేవడం కష్టం. 2025లో మన దేశంలో ఈ టోర్నీ సోనీ స్పోర్ట్స్‌లో వచ్చింది. ముందు రోజే మర్నాటి మ్యాచ్‌ల వరస, ఏ కోర్టులో ఎన్నో మ్యాచ్ అనేది టోర్నీ యాప్‌లో పెట్టేస్తారు, అది చూసుకుని పడుకోండి. టీవీలో మామూలుగా పెద్ద పేర్ల మ్యాచ్‌లే వేస్తారు కాబట్టి మనకి కావాల్సిన బయటి కోర్టులు స్ట్రీమింగ్ యాప్‌లోనే వెతుక్కోవాలి. కోర్టు 3, కోర్టు 7 లాంటి చోట్ల ప్రేక్షకులు గీతకి నాలుగడుగుల దూరంలోనే కూర్చున్నట్టుంటారు, ఆటగాడు తనలో తాను గొణుక్కునేది కూడా వినిపిస్తుంది. కుర్రాళ్లని అర్థం చేసుకోవడానికి ఆ కోర్టులే మంచివి.

మ్యాచ్ పెట్టుకున్నాక ఏం చూడాలి? స్కోరు కాసేపు పక్కన పెట్టండి.

మొట్టమొదట సెకండ్ సర్వ్ చూడండి. ఫస్ట్ సర్వ్ గట్టిగా కొట్టే కుర్రాళ్లు బోలెడంతమంది, అందులో గొప్పేమీ లేదు. ఫస్ట్ సర్వ్ నెట్‌కి తగిలి, స్కోరు 30-40 ఉన్నప్పుడు ఆ రెండో బంతిని ఎలా వేస్తాడన్నది చూడండి. చెయ్యి బిగుసుకుపోయి మెత్తగా తోసేస్తున్నాడా, లేక అదే ఊపుతో స్పిన్ తిప్పి మూలకి వేస్తున్నాడా? తోసేసేవాడిని పెద్ద ఆటగాళ్లు అరగంటలో పసిగట్టి ఒకడుగు ముందుకొచ్చి మరీ బాదుతారు. స్క్రీన్ మీద సెకండ్ సర్వ్ పాయింట్ల శాతం వేసినప్పుడు చూడండి, సగానికి పైనుంటే కుర్రాడు నిలబడుతున్నాడని అర్థం.

రెండోది, బంతిని ఎక్కడ నిలబడి అందుకుంటున్నాడు. టియెన్‌ని చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఎడమచేతి వాటం, భారీ సర్వ్ లేదు, ఆజానుబాహుడేమీ కాదు. (వాళ్లమ్మ టీచర్, అందుకే కొడుక్కి లెర్నర్ అని పేరు పెట్టుకుంది, ఇది నాకు భలే నచ్చింది.) అయినా బేస్‌లైన్‌కి (కోర్టు వెనక గీతకి) ఆనుకుని నిలబడి, బంతి పైకి లేస్తుండగానే అందుకుని దిక్కు మార్చేస్తాడు. మెద్వెదేవ్ ఏమో ఎప్పట్లాగే చాలా వెనక నిలబడతాడు. ఒకడు ముందు, ఒకడు వెనక, మొత్తం మ్యాచ్ ఆ దూరం చుట్టూనే తిరిగింది. అలా దిక్కు మార్చే కుర్రాడు ఎదుటివాడి దగ్గర టైమ్ లాగేసుకుంటున్నాడు, బలం ఎంతున్నా టైమ్ లేకపోతే పనికిరాదు.

మూడోదే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. సెట్ పోయిన తర్వాత వచ్చే మొదటి రెండు గేములు. అదే మ్యాచ్‌లో టియెన్ 6-3, 7-6తో రెండు సెట్లు గెలిచి, మూడో సెట్ టై బ్రేక్‌లో (6-6 అయితే సెట్ తేల్చే గేమ్‌లో) మ్యాచ్ పాయింట్ దాకా, అంటే ఇంకొక్క పాయింట్ వస్తే గెలిచేసే దాకా వెళ్లి, ఆ సెట్ పోగొట్టుకున్నాడు. నాలుగోది 1-6. ఇంకెవరైనా అయితే అక్కడితో అయిపోయేది, నేనూ అయిపోయిందనే అనుకున్నాను, మనసు ఉసూరుమంది. ఐదో సెట్‌లో ఆ అబ్బాయి మొహం మాత్రం మొదటి సెట్‌లో ఎలా ఉందో అలాగే ఉంది, పాయింట్ పోతే తువ్వాలు దగ్గరికి నడక, పాయింట్ వస్తే తువ్వాలు దగ్గరికి అదే నడక. చివరి సెట్‌లో 6-6 అయితే గ్రాండ్‌స్లామ్‌లో ఇప్పుడు పది పాయింట్ల టై బ్రేక్ ఆడిస్తారు, అది 10-7తో గెలిచాడు. 4 గంటల 49 నిమిషాల మ్యాచ్. అక్కడ తెల్లవారుజామున 2:54, మనకి రాత్రి తొమ్మిదిన్నర కావస్తోంది. అన్నం తింటూ చూశాను, చెయ్యి ఎండిపోయేదాకా లేవలేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా. మొదటి సెట్ గెలిచాడు కదా అని కుర్రాడు మ్యాచ్ గెలిచేస్తాడని ఊహించుకోకండి. మగవాళ్ల టెన్నిస్‌లో మామూలు ఏటీపీ టోర్నీలూ చాలెంజర్లూ కాలేజీ మ్యాచ్‌లూ అన్నీ మూడు సెట్లవే, పూర్తి నిడివి ఐదు సెట్ల ఆట గ్రాండ్‌స్లామ్‌లోనే ఉంటుంది. అంటే 19 ఏళ్ల కుర్రాడికి నాలుగో సెట్ అంటే ఒంటికి తెలియని కొత్త ఊరు. బసవరెడ్డికి అదే జరిగింది. రెండో సెట్ చివరికొచ్చేసరికి కాళ్లు పట్టేయడం మొదలైంది, కుంటుతూ ఆడాడు, జొకోవిచ్ 4-6, 6-3, 6-4, 6-2తో బయటపడ్డాడు. ఆ వయసులో ఇది సహజం, దాన్ని చూసి వీడింతే అని కొట్టిపారేయకూడదు. మ్యాచ్ అయ్యాక నెట్ దగ్గర ఇద్దరూ కౌగిలించుకున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, చిన్నప్పటి నుంచి ఆరాధించిన మనిషితో మొదటి మ్యాచ్ అలా ఆడే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి.

అమ్మాయిల విషయంలో పద్ధతి కొంచెం మార్చాలి. అక్కడ మూడు సెట్లే కాబట్టి శరీరం ఇంత త్వరగా ఇబ్బంది పెట్టదు, అందుకే 16, 17 ఏళ్లకే రెండో వారంలోకి వెళ్లడం చూస్తుంటాం. కానీ 18 నిండని వాళ్లు ఏడాదికి ఇన్ని టోర్నీలే ఆడాలని ఆడవాళ్ల టెన్నిస్ టూర్ నడిపే డబ్ల్యూటీఏ పరిమితి పెట్టింది, దాంతో మంచి అమ్మాయి ర్యాంకు కూడా ఆమె అసలు ఆట కంటే కిందే కనిపిస్తుంది. ర్యాంకు చూసి మోసపోవద్దు, వయసు చూడండి. 2024లో ఇదే టోర్నీకి వచ్చేసరికి మిర్రా ఆండ్రీవాకి 16 ఏళ్లు, రెండో రౌండ్‌లో తన అభిమాన క్రీడాకారిణి ఓన్స్ జాబర్‌నే 6-0, 6-2తో ఓడించింది. అందరూ దాని గురించే మాట్లాడారు గానీ నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది తర్వాతి మ్యాచ్‌లో. డయాన్ పారీ మీద మొదటి సెట్ 1-6తో పోయింది, మూడో సెట్‌లో 1-5 వెనకబడింది, మ్యాచ్ పాయింట్ కాచుకుంది, చివరికి టై బ్రేక్ 10-5తో గెలిచింది. బాగా ఆడిన రోజు గెలవడం వేరు, ఆట కుదరని రోజున గెలవడం వేరు. అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌లో సెమీస్‌కి వెళ్లింది.

మనవాళ్లని వెతుక్కోవాలంటే ఎక్కువగా క్వాలిఫయింగ్ డ్రాలోనూ జూనియర్ డ్రాలోనూ చూడాలి. 2005లో ఇదే టోర్నీకి సానియా మీర్జా వైల్డ్ కార్డ్ మీద వచ్చి, 18 ఏళ్లకే మూడో రౌండ్‌కి వెళ్లి సెరీనా విలియమ్స్‌తో ఆడింది, ఓడినా రెండో సెట్‌లో నాలుగు గేములు తీసుకుంది. మరుసటి నెలలోనే సొంతూరు హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్ కొట్టింది. ఆమె కూడా హఠాత్తుగా రాలేదు, 2003లోనే వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచి ఉంది. మన సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ దాటుకుని వచ్చి మొదటి రౌండ్‌లో యిరి వెసెలీతో ఐదు సెట్లు పోరాడాడు. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సుమిత్ నాగల్ కూడా క్వాలిఫయరే, 31వ సీడ్ బుబ్లిక్‌ని వరస సెట్లలో ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ ఇదే టోర్నీలో విలాండర్‌ని ఓడించాక గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌లో సీడ్‌ని ఓడించిన భారతీయుడు మళ్లీ నాగలే. 35 ఏళ్లు! ఇప్పుడు హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక మీద కన్నేసి ఉంచండి, 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్‌లో (దేశాల మధ్య జరిగే మహిళల టెన్నిస్ పోటీలో) ఆడిన ఐదు సింగిల్స్‌కి ఐదూ గెలిచింది.

చివరిగా చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కుర్రాడు పెద్ద సీడ్‌ని ఓడించగానే ఆకాశానికెత్తేసి, తర్వాతి మ్యాచ్‌లో ఓడిపోగానే మర్చిపోతారు. సంచలనం చేసిన మ్యాచ్ కంటే దాని తర్వాతి మ్యాచే కష్టం. అప్పుడు ఎదురుగా ఉన్నవాడికి భయం ఉండదు, కుర్రాడి మీద ఎక్కడలేని అంచనాలుంటాయి, ఒళ్లు అలిసి ఉంటుంది. 2025లో రుబ్లేవ్‌ని ఓడించిన ఫోన్సెకాని తర్వాతి రౌండ్‌లో ఐదు సెట్లలో ఆపింది లోరెంజో సొనేగో. మెద్వెదేవ్‌ని ఓడించిన టియెన్‌ని నాలుగో రౌండ్‌లో ఆపింది కూడా ఆ సొనేగోనే. సీడ్ లేదు, 29 ఏళ్లు, కుర్రాళ్లిద్దరికీ ఒకే పాఠం చెప్పాడు. రూడ్‌ని ఓడించిన మెన్షిక్ మూడో రౌండ్‌లో రెండు సెట్లు గెలిచి కూడా డవిడోవిచ్ ఫోకినా చేతిలో ఓడిపోయాడు.

అప్పుడు మీరు చేయాల్సిన పని, ఆ పేర్లు నోట్స్‌లోంచి తీసెయ్యకుండా స్కోర్ల యాప్‌లో వాటికి అలర్ట్ పెట్టుకోవడం. ఫోన్సెకా నెల తిరిగేసరికి ఫిబ్రవరిలో బ్యూనస్ ఐరిస్‌లో మొదటి ఏటీపీ టైటిల్ గెలిచాడు. మెన్షిక్ మార్చిలో మయామీలో గెలిచాడు, ఫైనల్లో ఎదురుగా ఉన్నది జొకోవిచ్. మీ జాబితాలోని వాళ్లు ఫిబ్రవరిలో చాలెంజర్లకి వెళ్లిపోతే టీవీలో రావు గానీ, ఏటీపీ వాళ్ల చాలెంజర్ టీవీలో ఉచితంగా చూడొచ్చు, ఒకటే కెమెరా, చుట్టూ ఖాళీ కుర్చీలు, ఆట మాత్రం నిఖార్సైంది.